కాగితం మీద పాసైన వెబ్‌సైటు

అయ్యా సర్కారు ఆఫీసర్లూ, నడుస్తున్న సైటును పడగొట్టింది మీరే! ఒక పెద్దసారు వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ అన్నాడు, కట్టారు. ఆయన బదిలీ కాగానే ఇంకో పెద్దసారు ఇంకోటి అన్నాడు, మళ్లీ కట్టారు. ఇది మూడోది. ప్రతిసారీ జనం సొమ్మే. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. భీమేశ్వరరావు సంగతైనా వినండి.

ఆయన సర్కారు క్వార్టర్లు కేటాయించే ఒక శాఖలో సెక్షన్ ఆఫీసరు, ఉండేది దేశ రాజధానిలోని ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లో. నెలాఖరుకు రిటైరవుతాడు. కూతురు వీణ పరీక్షలయ్యేదాకా ఇల్లు ఉంచమని ఆన్‌లైన్లో అర్జీ పెట్టుకోవాలి. గడువు కొత్త సైటు తెరిచిన రోజు సాయంత్రమే. దాటితే పరీక్షల మధ్యలో సామానంతా ఊరవతల ఘాజియాబాద్‌కు మోయాలి.

"ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అంది భార్య అన్నపూర్ణేశ్వరి.

"కొత్త సైటు ఇవాళే తెరిచాం. నేను పాస్ చేసిన సైటు. మొదటి అర్జీ నాదే కావాలని ఆగాను!"

కాఫీ పక్కన పెట్టి, ఫోన్లో 'అర్జీ పెట్టండి' అన్న ఆకుపచ్చ బటన్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. బొటనవేలితో అదిమాడు. వీణ తొంగి చూసింది.

"పాపా, యే తో ఫోటో హై! పూరా పేజ్ ఫోటో హై!"

నిజమే, పేజీ మొత్తం ఉత్త ఫోటో; అందులో బటన్ కూడా బొమ్మే. భీమేశ్వరరావు ఆఫీసుకు పరుగెత్తి, సైటు కట్టిన కంపెనీ కుర్రాడు ఉమాశంకర్‌ను పట్టుకున్నాడు.

"బటన్లేవయ్యా?"

"మీరు పాస్ చేసిందే పెట్టాం సార్. స్క్రీన్ మీద చూడండని ఎంత బతిమాలాను? రంగు ప్రింట్లు తీసి ఫైల్లో పెట్టమన్నారు. పాసైనదానికి వెంట్రుకవాసి తేడా ఉండకూడదన్నారు. అందుకే ఆ ప్రింట్లే స్కాన్ చేశాం. ప్రతి పేజీ కిందా మీ సంతకం కూడా ఉంది, చూడండి."

ఉంది. ముద్రతో సహా. దేశమంతా చూస్తోంది. అప్పటికే ఆ సంతకంలోని పేరు పట్టుకుని జనం ఆయన గది ముందుకొచ్చేశారు.

"పాత సైటు తెరువయ్యా బాబూ!" అని ఉమాశంకర్‌ను బతిమాలాడు.

"మూసెయ్యమన్న ఆర్డరు కూడా మీదే సార్."

గుంపులోంచి ధర్మయ్య అనే రిటైరైన అటెండరు ముందుకొచ్చాడు. "సార్, నా క్వార్టరు అర్జీకి గూడ ఇయ్యాలే ఆఖరు. నా సంగతేంది?"

భీమేశ్వరరావు గుంపును తప్పించుకుని పెద్దసారు గదిలోకి దూరాడు. సస్పెండ్ చేస్తాడనుకుని చేతులు కట్టుకున్నాడు.

"అరే భీమేశ్వర్ జీ, తప్పు మీది కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌ది. ఇంకో ప్లాట్‌ఫారం మీద కట్టిద్దాం. కమిటీ పెద్ద మీరే."

"నేను రిటైరవుతున్నాను సార్."

"సర్వీసు పొడిగిస్తాం. ఇల్లు మీదే. ఠీక్ హై?"

ఠీక్ హై. అర్జీ అక్కర్లేకుండానే ఆయన ఇల్లు ఆయనకు దక్కింది. ధర్మయ్య వరండాలో ఫోటోను నొక్కుతూనే ఉన్నాడు.

అయ్యా, నాలుగోది కట్టకండి. బాగానే నడిచిన పాత సైటు ఇవాళే తెరవండి. ధర్మయ్య గడువు పెంచండి. ఇకమీదట ఏ సైటైనా, సంతకం పెట్టేముందు ఆ బటన్ ఒకసారి నొక్కి చూడండి.

కాగితం మీద కాదు.