సగం గొట్టం

ఆ ఉదయం కోడలు అనుకున్న పని చాలా చిన్నది. కాలేజీకి వెళ్ళాలి, గాజు గొట్టంలోని ఇసుకకు కిందినుంచి గాలి పెట్టి చూపించాలి, తనిఖీకి వచ్చే అధికారి చేత "బాగుందమ్మా" అనిపించుకోవాలి. అనిపించుకుంటే ఏళ్ళ తరబడి వేలాడుతున్న ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేకపోతే ఇంటికే.

తోడుగా మామగారు బయల్దేరారు. జీవితమంతా కిరాణా కొట్టు నడిపిన మనిషి. డబ్బా సగం ఖాళీగా కనిపిస్తే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది. పోసి, కుదిపి, దట్టించి, మళ్ళీ పోస్తేగాని మూత పెట్టేవారు కాదు.

అధికారిని తీసుకురావడానికి కోడలు బయటికి వెళ్ళింది. ల్యాబులో మామగారు ఒక్కరే మిగిలారు. ఎదురుగా నిలువెత్తు గాజు గొట్టం. ఇసుక సగానికే ఉంది. పక్కనే బకెట్టు నిండా ఇసుక.

"పిచ్చిపిల్ల! హడావుడిలో సగమే పోసింది," అనుకుంటూ ఆయన స్టూలెక్కి, గొట్టం మూతికి కట్టిన వల విప్పారు.

కోడలు అధికారితో తిరిగొచ్చేసరికి గొట్టం మూతిదాకా నిండి ఉంది. ఆమె గబగబా మామగారి దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యగారూ, ఇదేంటండీ?" అంది గుసగుసగా.

"నువ్వు మర్చిపోయావులేమ్మా, నేను చూసుకున్నా. కర్రతో దట్టించాను కూడా!"

"గాలి పెడితే ఇసుక పొంగుతుందండీ! ఆ ఖాళీ అందుకే!"

"పాలు పొంగుతాయి గానీ, ఇసుక పొంగడమేంటమ్మా?"

"మొదలుపెట్టండమ్మా, నాకు వేరే పనుంది," అంటూ అధికారి గొట్టం పక్కకే కుర్చీ లాక్కున్నారు.

ఇసుక తీసే వ్యవధి లేదు. కోడలు గాలి మీట కొద్దిగా తిప్పింది. ఇసుక కదల్లేదు. దట్టించింది మామగారాయె! ఇంకాస్త తిప్పింది. ఊహూఁ.

"పాడైపోయిందా?" అన్నారు అధికారి.

"లేదండీ, లేదండీ!" ఆ కంగారులో మీట చివరిదాకా తిరిగిపోయింది.

ఇసుక ఒకే ముద్దగా లేచింది. మామగారు మళ్ళీ కట్టిన వలను ఎగరగొట్టి, సీలింగు ఫ్యానుకు తగిలింది. ఫ్యాను దాన్ని ఎవరికీ అన్యాయం చేయకుండా గదంతా పంచింది. అధికారి జుట్టు, కళ్ళజోడు, చేతిలోని కాఫీ కప్పు అన్నీ ఇసుకే. ఆయనకు ఉక్కపోయకూడదని ఫ్యాను వేసింది కూడా మామగారే.

ఉద్యోగం ఊడినట్టేనని కోడలికి ఏడుపొచ్చేసింది. గాలి కట్టేయబోయింది.

"ఆగండి!" అన్నారు అధికారి.

ఎక్కువైన ఇసుక అంతా పోయింది. మిగిలింది మూతిదాకా పొంగి, కాగే నీళ్ళలా కుతకుతలాడుతోంది. ఇక ఒక్క రేణువు కూడా పొర్లడం లేదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వెళ్ళి చూశారు.

"ఎన్నో కాలేజీలు తిరిగాను. పైన ఖాళీ వదలాలని అందరూ చెప్పారు. వదలకపోతే ఏమవుతుందో నా నెత్తిన పోసి చూపించింది మీరే. కావాలనే నింపారా?"

"మా మామయ్యగారి ఆలోచనండీ," అంది కోడలు.

"బాగుందమ్మా!"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ గాలి కట్టేసింది. ఇసుక దిగి సగం దగ్గర ఆగింది.

మామగారు నేలమీది ఇసుకంతా బకెట్టులోకి ఎత్తి, స్టూలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు.