ఎడమ చేతి రాత

"మూడేళ్లు నిండిన ప్రతి శిశువూ తొంభై రోజుల్లో వాక్యం రాయును."

కొత్తగూడ ప్లేస్కూలు గేటుకు ఈ బోర్డు కట్టించింది ప్రిన్సిపాల్ ఎలిజబెత్ మేడం. శిశువులకు చదవడం రాదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మాట నిలబెట్టే భారం ఆయా భాగ్యమ్మది. ఆమె ఎడమ చేత్తో రాస్తే అక్షరాలు అచ్చం పసివాళ్లవిలా తూలేవి. ఆ కాగితాలే పిల్లల పేర్లతో గోడకెక్కేవి. ఇంటిపని పుస్తకాలు కూడా అంతే ముద్దుగా వంకరపోయి తిరిగొచ్చేవి. బడిలో పెన్సిలు కొరికే పిల్లలు ఇంట్లో ఎలా రాస్తున్నారో టీచరు సరితకు అంతుపట్టేది కాదు. ఆమె వాళ్ల చేత చింతగింజలు ఏరించేది, పిండి పిసికించేది. వేళ్లకు బలమొస్తే రాత అదే వస్తుందని ఆమె నమ్మకం.

"ఇంకోసారి చింతగింజ కనబడితే మీరు రానక్కర్లేదండి," అంది మేడం.

శనివారం తల్లిదండ్రుల ఎదుట రాత పోటీ. పిల్లల కాగితాలు తీసుకుని, వాటి బదులు భాగ్యమ్మ ముందురోజు రాసిపెట్టేవి చూపాలని ఏర్పాటు. సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయాయి.

"పటాన్‌చెరు నుంచి నడిచి రావాల్నా బిడ్డా? తెలంగాణ వచ్చినంక వస్త," అంది భాగ్యమ్మ ఫోనులో.

మేడం సరితను కూర్చోబెట్టి ఎడమ చేత్తో రాయించింది. ఊరి బడిలో పలక అరిగేలా దిద్దిన మనిషి. ఎడమ చేత్తోనూ గుండ్రంగానే రాసింది.

"మీరెందుకూ పనికిరారండి. పోటీలో పరువు పోతే సోమవారం మీరుండరు."

పోటీ రోజు మూడేళ్ల రిత్విక్ నాలుక బయటపెట్టి, పెన్సిలు మూడు వేళ్లతో ఒద్దికగా పట్టి, నిలువుగా ఒక గీత గీశాడు.

"వాన," అన్నాడు.

తండ్రి భాస్కర్ లేచాడు. "ఏంది మేడం గిది? ఇంట్ల పేజీలకు పేజీలు రాస్తడు మావాడు."

"రాసేది మీరు కదండీ, రోజూ ఎడమ చేత్తో," అంది అతని భార్య సంధ్య.

తండ్రులందరూ మెల్లగా ఎడమ చేతులు జేబుల్లో దాచుకున్నారు.

ఇక బోర్డు దిగిపోతుందనుకుంది సరిత.

"దించకుండ్రి మేడం. ఆఫీసుల అందరికీ చెప్పిన," అన్నాడు భాస్కర్. మిగతావాళ్లు తలలూపారు.

సమ్మె ముగిసింది. "తెలంగాణ రాలే గని బస్సొచ్చింది," అంటూ భాగ్యమ్మ దిగింది. పిల్లల్ని, చింతగింజల్ని, సరితను కలిపి వెనక గదికి పంపేసింది మేడం. అక్కడ రిత్విక్ వాన కింద గొడుగు గీస్తున్నాడు. ముందు గదిలో బుల్లి కుర్చీల్లో ఇరుక్కుని తండ్రులు ఎడమ చేత్తో దిద్దుతున్నారు.

భాగ్యమ్మ వంగి చూసింది. "భాస్కర్ సార్, గీత సాఫ్‌గ వస్తున్నది. జర వంకర పోనియ్యి."