అర్థం కాకపోతే అయిదు స్టార్లు

...అయినా, “నాకు అర్థం కాలేదు” అని నోరు తెరిచి ఒప్పుకునే ప్రాణి ఈ లోకంలో ఇంకెవరున్నారు చెప్పండి? నా కంప్యూటర్ తప్ప! అందుకే అంటున్నాను, డీసీరియలైజేషన్ ఎర్రర్ మానవజాతికి దక్కిన వరం.

పేరు చూసి జడుసుకోకండి. ఒక ప్రోగ్రామ్ సమాచారాన్ని మూటగట్టి పంపుతుంది. ఇంకొకటి ఆ మూట విప్పి దేని చోట దాన్ని సర్దుకుంటుంది. అంకె ఉండాల్సిన చోట అక్షరాలు కనిపించాయో, ‘అర్థం కాలేదు’ అని చేతులెత్తేస్తుంది. అదే ఆ ఎర్రర్. ఎంత నిజాయితీ! మీ బావగారు ఎప్పుడైనా అలా చేతులెత్తేశారా? మా మేనేజరుగారి తల ప్రతి మీటింగులోనూ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. లోపల ఏం విప్పుకున్నారో ఆ దేవుడికే తెలియాలి!

మేం చేస్తున్నది ఒక లిఫ్టుల కంపెనీకి ఫిర్యాదుల యాప్. రేటింగ్ గడిలో ఒకటి నుంచి అయిదు దాకా ఏదో ఒక అంకె రావాలి. ఎవరో పెద్దావిడ అందులో “ఇంకా లోపలే ఉన్నాను నాయనా” అని రాసింది. మూట విప్పబోయిన మా ప్రోగ్రామ్ ఠక్కున ఆగిపోయింది.

కిందా మీదా పడి కారణం పట్టుకుని, గొప్పగా టీమ్ లీడ్‌కి చూపించాను.

“కారణం ఎవరడిగారు బాబూ? అవతల డెమో ఉంది. ఎర్రర్‌ని బయటికి కనబడకుండా మింగించెయ్.”

“మరి ఆ గడిలో ఏం పెట్టను?”

“అయిదు పెట్టు. మన సొమ్మేం పోయింది?”

పెట్టాను. ఆహా! లోపల ఇరుక్కున్నవాళ్ళు, తలుపుల్లో వేళ్ళు నలిగినవాళ్ళు, ఏకంగా బూతులే రాసినవాళ్ళు, అందరూ క్షణంలో సంతృప్తి చెందిన కస్టమర్లైపోయారు! తెరంతా పచ్చగా కళకళలాడింది. క్లయింటు చప్పట్లు కొట్టాడు.

ఈ విద్య నాకు కొత్తేమీ కాదు. ఇంట్లో ఎప్పటినుంచో సాధన చేస్తున్నదే. మా ఆవిడ మాటల్లో కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు లాంటివి నా బుర్రలో చక్కగా సర్దుకుంటాయి. దిగులో, అలకో వచ్చిందనుకోండి, మింగేసి “ఊఁ, బాగుంది” అంటాను. కాపురం కూడా పచ్చగానే కనిపించేది.

నిన్న సాయంత్రం వంటగదిలోంచి ఏదో అంది.

“ఊఁ, బాగుంది,” అన్నాను, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“బాగుందా? నేను మా అక్కావాళ్ళింటికి వెళ్ళిపోతే మీకు తేడా అయినా తెలుస్తుందా అని అడిగాను. బాగుందా అండీ?”

అలవాటైన మనసు గబగబా అయిదు స్టార్లు వెతుక్కుంది. ‘నీదంతా తమాషా’ అనబోయింది నాలుక. అప్పుడు గుర్తొచ్చింది లిఫ్టులో పెద్దావిడ. ఆవిడకి తలుపు ఎవరు తీశారో మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఆవిడ మాకు అయిదు స్టార్లు ఇచ్చింది కదా, ఇంకెవరు వెతుకుతారు?

ఫోన్ బోర్లా పెట్టి వంటగది దాకా వెళ్ళాను.

“నాకు అర్థం కాలేదు,” అన్నాను. “మొదట్నుంచీ చెప్పు.”

గరిటె పట్టుకునే ఇటు తిరిగింది.

“మొదట్నుంచీ అంటే, ఏ ఏడాది నుంచండీ?”

గుమ్మంలోనే చతికిలబడ్డాను.