గవరమ్మ సగం మార్పిడి

ఒక పెద్ద అడవిలో బొరియల మార్పిడికంటూ ఒక ఆఫీసు ఉండేది. ఆ అడవి ఎంత పెద్దదైనా, అందులో ఎవరికీ తానున్న చోటు నచ్చేది కాదు. వాగు పక్కనున్నవాడికి గుట్ట కావాలి, గుట్ట మీదున్నవాడికి వాగు కావాలి. అలాంటి ఇద్దరిని వెతికి ఇళ్ళు మార్పించడం ఆ ఆఫీసు పని.

చాలా ఏళ్ళు ఆ పని పానకాలు అనే అలుగు ఒక్కడే చేశాడు. ఒంటినిండా పొలుసులు, నోట్లో పళ్ళు లేవు, మాటలో తొందర అంతకన్నా లేదు. ముందు రెండు బొరియలకీ తుమ్మకంప అడ్డం పెట్టేవాడు, మధ్యలో మూడోవాడు దూరకుండా. ఇద్దరూ బయలుదేరి అవతలి ఇంట్లో కాలు పెట్టాకే, మార్పిడి రాసిన ఆకు మీద ముద్ర వేసేవాడు. ఏ ఒక్కరు దారిలో మనసు మార్చుకున్నా ఆకు చింపేసి, ఎవరింటికి వాళ్ళని పంపేసేవాడు. "అయితే రెండూ అవ్వాలి, లేకపోతే అసలేమీ అవ్వకూడదు," అనేవాడు. రోజుకి మూడు మార్పిడులు అయ్యేవి. నత్తనడక అని అందరూ విసుక్కునేవాళ్ళు గానీ, పొద్దుగూకేసరికి ప్రతివాడి నెత్తినా ఏదో ఒక కప్పు ఉండేది.

ఆ ఏడు మృగరాజుగారికి సమీక్షల పిచ్చి పట్టింది. రోజుకి మూడేనా అని మొహం చిట్లించి, వాయునందన్ అనే కొండముచ్చుని ఆఫీసుకి అధికారిగా వేశారు. వాయునందన్ పట్నం జూలో మూడేళ్ళు ఉండి వచ్చిన అనుభవజ్ఞుడు. కటకటాలకి ఏ వైపున ఉన్నాడో ఎవరూ అడగలేదు.

అతను వచ్చిన వారానికే పనిని రెండు ముక్కలు చేశాడు. మొదటి కౌంటర్లో ఖాళీ చెయ్యడం, రెండో కౌంటర్లో చేరడం. ఖాళీలు అక్కడికక్కడే. చేరికలు మాత్రం వారమంతా కట్టగట్టి శనివారం ఒకేసారి. ఆ శనివారం మిగిలిపోయినవాళ్ళకి పై శనివారం, ఏ ఇల్లు ఖాళీగా కనబడితే అది. తుమ్మకంపలు పీకించి పారేశాడు. వెనక్కి తిప్పడం అనేదాన్నే ఎత్తేశాడు, దానివల్ల అంకె తగ్గుతుందని. ఖాళీ ఒక పని, చేరిక ఇంకో పని కింద రాయించేసరికి నెల తిరక్కుండానే రోజుకి నలభై పనులయ్యాయి. మృగరాజు మురిసిపోయి ఆ నిబంధనలన్నిటి మీదా పంజా ముద్ర కొట్టారు. పానకాలుకి ఆకులు కట్టలు కట్టే పని మిగిలింది.

సరిగ్గా అప్పుడే వాగొడ్డు ఏదుపంది గవరమ్మ ఆఫీసుకొచ్చింది. ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఒంటి మీద ముళ్ళు ఇంకా గట్టిపడనివాళ్ళు. వానలు మొదలైతే వాగు నేరుగా ఆవిడ బొరియలోకి వస్తుంది. గుట్ట మీది ముంగిస బుల్లెబ్బాయికి ఎండ్రకాయల మీద మనసు, వాగొడ్డు కావాలన్నాడు. వానొస్తే చెట్టెక్కుతాను, ఒంటిగాణ్ణి నాకేం, అన్నాడు. ఇంతకన్నా సులువైన మార్పిడి ఆ అడవిలో ఎప్పుడూ జరగలేదు.

శుక్రవారం గవరమ్మ ఖాళీ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంత తొందరగానా అని ఆవిడ సంబరపడింది కూడా. బుల్లెబ్బాయి ఆకు మాత్రం పాదముద్ర వంకరగా ఉందని వెనక్కి వచ్చింది. శనివారం గవరమ్మ ఖాళీ చేసిన బొరియని, కిందటి వారం మిగిలిపోయిన ఒక పందికొక్కుకి ఇచ్చేశారు. బుల్లెబ్బాయి బొరియ ఖాళీ కాలేదు కాబట్టి గవరమ్మని పై శనివారం రమ్మన్నారు.

ఆవిడ పిల్లల్ని తీసుకుని ఒక బండరాయి చాటున కూర్చుంది. బుల్లెబ్బాయి మంచివాడే, వచ్చి నా ఇంట్లో ఉండక్కా అన్నాడు. ముద్ర లేకుండా దూరితే ఆక్రమణ కింద తోడేలు జవాన్లు ఈడ్చి పారేస్తారని ఆవిడకి భయం. బుధవారం వాన మొదలైంది. చిన్నది దగ్గడం మొదలెట్టింది. గవరమ్మ తడిసిన ఒంటితోనే వాయునందన్ ముందుకెళ్ళి నిలబడింది.

"నా మార్పిడి వద్దు బాబూ. నా పాత బొరియ నాకిచ్చెయ్యండి చాలు."

"వెనక్కి ఇవ్వడం కొత్త పద్ధతిలో లేదమ్మా," అన్నాడతను తోక సవరించుకుంటూ. "అయినా మీ పని శుక్రవారమే పూర్తయినట్టు రాసి ఉంది."

ఆ పూటే మృగరాజుకి పడమటి గుట్ట మీదున్న ఎలుగుబంటి గుహ మీద మోజు పుట్టింది. అక్కడ గాలి బాగా వస్తుందట. వాయునందన్ స్వయంగా ఆకు రాసి, రెండు నిమిషాల్లో తూర్పు గుట్ట మీదున్న రాజుగారి గుహని ఖాళీ చేయించాడు. ఆ వేగానికి రాజుగారు మెచ్చుకుని, పని అయిపోయిందనుకుని, మూడు రోజుల వేటకి బయలుదేరారు. ఎలుగుబంటి తేనెకి పోయి ఊళ్ళో లేదన్న సంగతి ఎవరూ చూడలేదు.

శనివారం పానకాలు కట్ట విప్పాడు. వాయునందన్ ఆకుల్ని చదివేవాడు కాదు, లెక్కపెట్టేవాడు. మిగిలిపోయినవాళ్ళలో గవరమ్మది మొదటి ఆకు. ఖాళీల్లో మొదటిది తూర్పు గుట్ట పెద్ద గుహ. వాయునందన్ ఎటో చూస్తూ ముద్ర కొట్టాడు. గవరమ్మ ఆ ఆకు తీసుకుని, అది ఎవరి గుహో తెలిసి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"పానకాలుగారూ, పొరపాటేమో చూడండి."

"నేను వరుస తప్పించలేదు గవరమ్మా," అన్నాడు పానకాలు మెల్లగా. "వాన పెద్దదవుతోంది. పిల్లల్ని తీసుకెళ్ళండి."

చిన్నది మళ్ళీ దగ్గింది. గవరమ్మ ఇంకేం ఆలోచించలేదు.

సాయంత్రానికి మృగరాజు తడిసి ముద్దయి పడమటి గుట్టకి వెళ్ళారు. నేనెక్కడా ముద్ర వెయ్యలేదు ప్రభూ అంది ఎలుగుబంటి, గుమ్మంలోంచి కదలకుండా. సరే అని సొంత గుహకి వస్తే లోపల్నించి ముళ్ళు గలగలమన్నాయి. గవరమ్మ ముళ్ళు నిక్కబొడుచుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆకుని ముందుకి తోసింది.

"తమరు ముద్ర వేసిన నిబంధన ప్రకారమే వచ్చానయ్యా. లోపల పసిపిల్లలున్నారు."

రాజుగారు ఆ ముళ్ళని చూశారు, తన ముక్కుని తలుచుకున్నారు, వాయునందన్ని పిలిపించారు. వెనక్కి తిప్పమన్నారు. ఆ పని కొత్త పద్ధతిలో లేదు ప్రభూ అని వాయునందన్ చేతులు నలుపుకున్నాడు. మరి అది ఎవరికి చేతనవునో చెప్పమని రాజుగారంటే పానకాలు వచ్చాడు.

"మీదొక్కటే తిప్పితే కుదరదు ప్రభూ," అన్నాడు పానకాలు. "మీ గుహ ఈవిడ దగ్గర, ఈవిడ బొరియ పందికొక్కు దగ్గర, పందికొక్కుది ఇంకొకరి దగ్గర. పంతొమ్మిది ఇళ్ళు సగంలో ఉన్నాయి. అన్నీ విప్పాలి. అందాకా మీరు వరుసలో నిలబడాలి."

వానలో, పందికొక్కు వెనకాల, మృగరాజు నిలబడ్డారు. మర్నాడు మధ్యాహ్నానికి అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు చేరారు. ఆ వెంటనే పానకాలు రెండు తుమ్మకంపలు తెచ్చాడు. గవరమ్మ పిల్లలతో గుట్టెక్కింది, బుల్లెబ్బాయి వాగుకి దిగాడు, ముద్ర పడింది. వాగు పొంగేసరికి చిన్నది పొడినేల మీద నిద్రపోతోంది.

పై సమీక్షలో వాయునందన్ ఒక్క పూటలో పంతొమ్మిది పనులు వెనక్కి తిప్పినట్టు చదివి వినిపించాడు. మృగరాజు అతనికి దండ వేశారు, పానకాలుకి పాత బల్ల, పాత పనీ తిరిగి ఇచ్చారు.

నీతి: ఏ ఆఫీసైనా బాగుపడాలంటే, పైవాడి పని ఒకటి అదే కౌంటర్లో సగంలో ఆగాలి.