అధ్యక్షులవారి ఆకుపచ్చ స్కీలు

ఈస్టర్‌కి ఇంకా మూడు వారాలుందనగా, ఒక శనివారం పొద్దున అస్లాక్ స్కారెలి చిన్న పథకం వేసుకున్నాడు. తనను ఎరిగినవాళ్లు లేని బో పట్నానికి కారులో వెళ్లాలి. కొండలెక్కడానికీ, టెలిమార్క్ పద్ధతిలో దిగడానికీ, అన్నిటికీ పనికొచ్చే స్కీలు ఒక జత కొనాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అవసరమైతే ఎవరికీ తెలియకుండా మడమను బిగించేసుకునే రకం కావాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి.

టెలిమార్క్ పద్ధతంటే మడమను వదులుగా ఉంచి, ఒక మోకాలు మంచుకి ఆనేంతగా వంచి, మలుపులు తిరుగుతూ దిగడం. ఆ విద్య టెలిమార్క్ ప్రాంతంలోని తమ లోయలోనే పుట్టిందని ఇక్కడివాళ్లు రోజుకు రెండుసార్లైనా తలుచుకుంటారు. అస్లాక్ ముత్తాత, తాత, తండ్రి అందులో ఘనులు. అస్లాక్‌కి మాత్రం అది ఎన్నడూ రాలేదు. వంగితే బోర్లా పడేవాడు. అయినా మొన్న నవంబరులో ఊరి స్కీ సంఘం అతన్నే అధ్యక్షుణ్ణి చేసింది. ఇంటిపేరు స్కారెలి, పైగా మీటింగు జరిగినంతసేపూ నోరు విప్పలేదు. ఈ కొండల్లో ఇంతకు మించిన అర్హత ఇంకేం కావాలి? ఈస్టర్ శనివారం ఊరంతా చూస్తుండగా అధ్యక్షుడే మొదట కొండ దిగాలి. పడ్డాడంటే పదవీ పోతుంది, మూడు తరాల పరువూ పోతుంది.

"మోకాలు వంగనిది మీకు. కొత్త స్కీలేం చేస్తాయి పాపం?" అంది భార్య గున్‌వోర్, కాఫీ పోస్తూ. అస్లాక్ వినిపించుకోలేదు.

స్కీ సంఘాల సభ్యులకు పదిహేను శాతం తగ్గింపు అన్న బోర్డు కంటపడకపోతే షాపులో అంతా సవ్యంగానే జరిగేది. ఆశపడి కార్డు తీశాడు. షాపు యజమాని స్టైనార్ దాని మీది పేరు చదివి, అధ్యక్షులవారే స్వయంగా వచ్చారని అందరికీ వినబడేలా ప్రకటించాడు. క్షణంలో పదిమంది చుట్టూ చేరారు.

స్టైనార్ వినయంగా అడగడం మొదలుపెట్టాడు. పాదం కింద ఎంత వెడల్పు ఉండాలి? ఎక్కడానికి తేలికైనవా, దిగడానికి బరువైనవా? మెత్తగా వంగేవా, గట్టివా? అస్లాక్‌కి ఒక్కటీ తెలియదు. మునిసిపాలిటీ ఆఫీసులో ఇంటి ప్లాన్లు పట్టుకొచ్చేవాళ్లకు పాతికేళ్లుగా చెబుతున్న మాటే చెప్పాడు.

"చూడాలి."

జనం తలలూపారు. ఒకాయన కాగితం తీసి రాసుకున్నాడు కూడా. ఈ ప్రాంతంలో అంతకంటే ఎక్కువ మాట్లాడేవాణ్ణి ఓస్లో నుంచి వచ్చిన టూరిస్టు కింద జమకడతారు. ఇంతమంది భక్తిగా చూస్తుంటే మడమ బిగించే రకం ఉందా అని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? బయటపడితే చాలనుకుని, తలుపు పక్కనున్న ఆకుపచ్చ జత అందుకున్నాడు.

స్టైనార్ తటపటాయించాడు. అవి అప్పుడే రాలిన లోతైన మంచు కోసం చేసిన వెడల్పాటి స్కీలు. రెండేళ్లుగా వాటిని ముట్టుకున్నవాడు లేడు.

"ఈస్టర్ నాటికి మన మంచు రాయైపోతుంది కదండీ. దానిమీద ఇవా?"

"చూడాలి," అన్నాడు అస్లాక్, మరింత గంభీరంగా.

సాయంత్రానికి కబురు లోయంతా పాకింది. సంఘం కార్యదర్శి ఊరి వారపత్రికలో "గట్టి మంచుకు వెడల్పు స్కీలు: అధ్యక్షుని నూతన సిద్ధాంతం" అని రాసి, ఈసారి సంఘమంతా అధ్యక్షుని వెనకే దిగుతుందని కూడా చేర్చాడు. తన సిద్ధాంతం ఏమిటో అస్లాక్‌కి అది చదివాకే తెలిసింది. స్టైనార్ ఇరవై మూడు జతలు తెప్పించాడు, ఇరవై మూడూ అమ్ముడుపోయాయి. కారణం అడగడానికి ఫోన్ చేసినవాళ్లకు అస్లాక్ ఏం చెప్పి ఉంటాడో వేరే చెప్పక్కర్లేదు.

"ఒక్కరు పడితే నవ్వుతారు. ఇరవై నలుగురు పడితే అంబులెన్స్ వస్తుంది," అంది గున్‌వోర్.

ఈస్టర్ శనివారం పదిగంటలకు కొండ అద్దంలా మెరుస్తోంది. కింద ఊరివాళ్లు, సెలవులకొచ్చిన టూరిస్టులు, కాఫీ ఫ్లాస్కులు, తియ్యటి అట్లలాంటి వాఫిళ్లు అమ్మే బల్ల. పైన వరసగా ఇరవై నాలుగు ఆకుపచ్చ జతలు. అస్లాక్ పక్కకు చూశాడు. డెబ్బై ఎనిమిదేళ్ల తుర్‌గ్రిమ్ కర్రలు సర్దుకుంటున్నాడు. తాను పడితే పడ్డాడు. తనను నమ్మి వచ్చిన ఈ ముసలాయన కాలు విరిగితే ఏం గాను? అస్లాక్‌కి నిజంగా భయం వేసింది, సిగ్గూ వేసింది. అయిదు నెలల్లో మాట్లాడనంత మాట్లాడేశాడు.

"నాకు ఆ మలుపు రాదు. ఎప్పుడూ రాలేదు. ఈ స్కీలు కూడా తెలిసి కొన్నవి కాదు, తలుపు దగ్గరున్నాయని కొన్నాను. దయచేసి ఎవరూ దిగకండి."

పదవి ఊడిందనే అనుకున్నాడు అస్లాక్. తుర్‌గ్రిమ్ చేతితొడుగుతో ముక్కు తుడుచుకున్నాడు.

"మాలో ఎవరికి వచ్చనుకున్నావురా? ఇన్నేళ్లూ మీ నాన్న దిగేవాడు, మేం కింద నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లం. నువ్వు కొన్నవే కొంటే మాకూ వచ్చేస్తుందేమోనని ఆశపడ్డాం."

కార్యదర్శి గొంతు సవరించుకుని, తానూ ఆ ఆశతోనే సిద్ధాంతం రాశానన్నాడు. అందరూ స్కీలు విప్పి భుజాన వేసుకున్నారు. జారకుండా మడమలు మంచులో గుచ్చుతూ, ఒకరి వెనక ఒకరు, నేల మీంచి చూపు తిప్పకుండా నడిచి దిగారు. కింద టూరిస్టులు కాసేపు తికమకపడి, తర్వాత గౌరవంగా టోపీలు తీశారు.

వాఫిళ్లు తింటూనే సంఘం అస్లాక్‌ని మరో రెండేళ్లకు ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఈస్టర్ సెలవులయ్యాక వచ్చిన వారపత్రిక మొదటి సంచికలో, టెలిమార్క్‌వాసులు కొండను కాలినడకన దిగే ప్రాచీన ఆచారం గురించి అరపేజీ వ్యాసం పడింది.