కొమ్మ మారిన పెళ్ళికొడుకు

“పొద్దున్నించి సాయంత్రందాకా బూతులేనా? నీకేమొచ్చె తమ్ముడూ? పెండ్లీడు బిడ్డ ఉందే ఇంట్లో,” అన్నాడు ఫోన్లో హనుమప్ప.

నిత్యానందం దోహా పక్క ముఐథర్‌లో తన ఫ్లాట్ బాల్కనీలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సముద్రం మీది తేమ ఎదుటి విల్లాలను మింగేసి, డాబాల మీది నీళ్ళ ట్యాంకులను మాత్రం గాల్లో తేలేటట్టు వదిలేసింది. ఆయన వాటిని పడవలనుకుని, ఎవరెవరు ఎక్కి పోతున్నారో చూసుకుంటున్నాడు. తను అన్నది “ఈ రోజంతా బూత్‌లోనే ఉంటానన్నా, నువ్వూ వచ్చి ఒక చెయ్యేస్తే బాగుంటుంది” అని. అవతల ఉమ్ సలాల్‌లో సేఠ్ గారి కారు కడుగుతున్న హనుమప్ప చెవికి అది నీళ్ళ చప్పుడులో తడిసి చేరింది.

“బూతు కాదన్నా, బూత్. ప్రదర్శనలో మన కంపెనీ స్టాలు.”

“అట్ల స్టాలని చెప్పొచ్చు గదప్పా. స్టాలైతే వస్తా. బూతైతే నాకు అంతగా రాదు,” అని హనుమప్ప ఫోను పెట్టేశాడు.

నిత్యానందం పుట్టింది నర్సాపురంలో, ఉద్యోగం దోహాలో, కాపురం మాత్రం ఊహలో. ఫ్లెక్సీలు అచ్చేసే కంపెనీలో డిజైనరు. తాతముత్తాతలను వెతుక్కునేవాళ్ళంతా దేశదేశాల నుంచి వచ్చి కలుసుకునే వంశవృక్షాల సదస్సు ఒకటి దోహాలో జరుగుతోందని తెలిసి, కంపెనీ అక్కడ ఒక బూత్ తీసుకుంది. మీ వంశం చెప్పండి, గోడకు సరిపడా చెట్టుగా అచ్చేసి ఇస్తాం. అదీ వ్యాపారం. “చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాం, మావాళ్ళు ఏకంగా చెట్లే అమ్ముతున్నారు” అని నిత్యానందం ఆ వారమంతా కనబడ్డవాళ్ళందరికీ చెప్పి, నవ్వనివాళ్ళకు రెండోసారి చెప్పాడు.

బూత్‌లో కట్టడానికి నమూనా చెట్టు కావాలి. తన వంశాన్నే గీద్దామని కూర్చున్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. తాతకు ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి తనొక్కడే. తనకు కూతురు రెజీనా ఒక్కతే. గీసి చూస్తే అది చెట్టులా లేదు, కరెంటు స్తంభంలా ఉంది.

భార్య సెలవు మీద ఊరెళ్ళింది కనక వద్దనే మనిషి లేదు. నిత్యానందం కళ్ళు అరమోడ్చి ఆలోచించాడు. నాకెవరూ లేరని ఎవరన్నారు? శుక్రవారం చర్చి అయ్యాక ఇంట్లో భోజనాలకు చాపలు చాలవు. వచ్చేవాళ్ళలో వరస లేనివాడు ఒక్కడూ లేడు. మనవాళ్ళు ఏ ఎడారిలో కలిసినా ముందు పేరడుగుతారు, తరవాత ఊరడుగుతారు, వరస కలుపుకున్నాకే కూర కలుపుకుంటారు. హనుమప్పను తను అన్నా అంటాడు. కాబట్టి అన్న కొమ్మ. ఇళ్ళలో పనిచేసే అంకాలమ్మ తనను తమ్ముడూ అంటుంది. అక్క కొమ్మ. కింది అంతస్తు నస్రీన్ రెజీనాను అక్కా అంటుంది. రెండో కూతురు. రెమ్మ మీద రెమ్మ వేస్తూ పోతుంటే చెట్టు కలలో పెరిగినట్టు పెరిగిపోయింది.

రాజ్ కిరణ్ దగ్గర చెయ్యి ఆగింది. పాలకొల్లు కుర్రాడు, ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, చర్చి పాటల బృందంలో రెజీనా వెనక వరుస. ఇద్దరూ ఇష్టపడ్డారు. విజిట్ వీసా మీద వచ్చిన అతని తల్లి అమృతమ్మ ఔననడమే మిగిలింది. నలుగురి మధ్యా పిల్ల ఎలా మసలుతుందో చూసి, ఆ మాటేదో బూత్ దగ్గరే చెబుతానని ఆవిడ కబురంపింది. అయితే ఈ దేశంలో దిగిన రోజు నుంచీ రాజ్ కిరణ్ నిత్యానందాన్ని పిలిచేది ‘బాబాయ్’ అని. అల్లుడుగా వేద్దామా అంటే ఇంకా కాలేదాయె. కానివాణ్ణి అయినట్టు వేస్తే అబద్ధం. నిత్యానందం నిజాయితీ గల మనిషి. తను బాబాయినైతే వీడి తండ్రి తనకు అన్న కావాలి. చెట్టు మీద ఉన్న అన్న ఒక్కడే. రాజ్ కిరణ్‌ను తీసుకుపోయి హనుమప్ప కింద కొడుకుగా వేలాడదీశాడు.

సదస్సు జరిగే హోటల్ హాల్లో మసక వెలుగు, సన్నటి ఊదు వాసన, పొలాల మీద తెల్లవారుజామున ఉండేలాంటి చల్లదనం. అరబ్బుల పొడుగాటి తెల్ల అంగీలు చప్పుడు లేకుండా అటూ ఇటూ తేలుతున్నాయి. ఫ్లెక్సీ కట్టగానే ఏసీ గాలికి చెట్టు చిన్నగా ఊగింది. ఆకుకొక పేరు, పేరుకు తెలుగు, ఇంగ్లీషు, అరబ్బీ. ఆకుల గలగల కూడా వినబడినట్టయింది నిత్యానందానికి.

“నన్ను శానా పైన ఏసినావే,” అన్నాడు హనుమప్ప తన పేరు చూసుకుని మురిసిపోతూ. పైన ఉన్నవాడు కిందికెందుకు చూస్తాడు? చూడలేదు.

కాసేపటికి మదీనత్ అల్ షమాల్ నుంచి వచ్చిన ఒక అరబ్బు పెద్దాయన బూత్ ముందు ఆగాడు. తన వంశం మొత్తం నోటికి వచ్చిన మనిషి. మధ్యాహ్నం వేదిక మీద మాట్లాడబోయేది ఆయనే. పక్కన సదస్సు కోఆర్డినేటర్ ఫసీయుద్దీన్, హైదరాబాదువాడు. పెద్దాయన చెట్టును కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చదివి గడ్డం నిమురుకున్నాడు.

“సార్, హనుమప్ప, నస్రీన్, రెజీనా… గిన్ని తీర్ల పేర్లున్నయి. అందరు ఒక్క ఇంటోళ్ళేనా అని అడుగుతున్నడు,” అన్నాడు ఫసీయుద్దీన్.

నిత్యానందం ఒక ఆకు కేసి చూస్తూ, “ఒక్క ఇంట్లోనే తింటారండీ,” అన్నాడు.

అనువాదంలో తిండి జారిపోయి ఇల్లు మిగిలింది. పెద్దాయన మాషా అల్లా అని నిత్యానందం భుజం తట్టి, ఇన్ని మతాలు ఒకే వేరున పెరిగిన చెట్టును తన ఉపన్యాసంలో అందరికీ చూపిస్తానన్నాడు. ఫసీయుద్దీన్ ఫోటో తీసుకున్నాడు. వేరు ఒకటి కాదండీ, అందరూ వేరువేరండీ అని చెప్పాల్సిన క్షణం అదే. ఆ క్షణంలో నిత్యానందం చెట్టుకు ఒక పిట్టను కూడా వేసి ఉంటే బాగుండేదనుకుంటున్నాడు.

భోజనాల వేళ దాటాక రాజ్ కిరణ్ తల్లిని తీసుకొచ్చాడు. రెజీనా ఎదురెళ్ళి కుర్చీ వేసింది, ఏసీ గాలి నేరుగా తగలకుండా దాన్ని కాస్త జరిపింది, మంచినీళ్ళు తెచ్చింది.

“అడక్కముందే తెచ్చావు. మావాడికి అడిగినా తేవడం రాదు,” అని అమృతమ్మ నవ్వింది. ఆ నవ్వులో సగం పెళ్ళి అయిపోయింది. గ్లాసెత్తి తాగుతూ తల పైకెత్తింది. మిగతా సగం అక్కడ ఆగింది.

“రాజూ, ఈ హనుమప్ప ఎవర్రా?”

“డ్రైవరు పెదనాన్నమ్మా. అదిగో, బెలూన్లు ఊదుతున్నాయన.”

“మరి నువ్వు ఆయనకి కొడుకెలా అయ్యావు?”

రాజ్ కిరణ్ చెట్టు చూశాడు. రెజీనా చెట్టు చూసి నాన్నను చూసింది. హనుమప్ప తొలిసారి తన ఆకు కిందికి చూశాడు. చేతిలో బెలూను సుయ్యిమని చిక్కిపోయింది.

“అమ్మా, మా దేవుని మీద ఒట్టు. మిమ్మల్ని నేను ఇప్పుడే చూస్తాండా,” అన్నాడు.

“నేనూ ఇప్పుడే చూస్తున్నానండీ. మా ఆయన పాలకొల్లులో రొయ్యల చెరువు మీద శుభ్రంగా ఉన్నారు.”

“మీరనుకునేది కాదు వదినగారూ,” అంటూ నిత్యానందం అడ్డం వచ్చాడు.

“తమ్ముడూ, నువ్వు నోరు మూసుకో. నేను నీకు అన్నైనాక ఆమెను వదినంటే ఏమైతాదో ఒక్కసారి ఆలోచించు,” అన్నాడు హనుమప్ప.

నిత్యానందం ఆలోచించి నోరు మూసుకున్నాడు. కానీ అమృతమ్మ లేచి నిలబడి, హనుమప్పను వదిలేసి అప్పటికే అసలు కొమ్మ పట్టుకుంది. “ఈయన నీకు బాబాయి. బాబాయి కూతురు చెల్లెలు. మూడేళ్ళు నోరారా బాబాయ్ అని పిలిచి, వాళ్ళింట అన్నం తిని, ఇప్పుడు ఆ పిల్లనే చేసుకుంటానంటే పాలకొల్లులో ఏవనుకుంటార్రా?”

“అమ్మా, అది ఉత్త పిలుపే కదా.”

“నన్ను అమ్మా అనేది కూడా పిలుపే కదరా.”

రెజీనా ఖాళీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. సరిగ్గా అప్పుడే హాలు దీపాలు తగ్గాయి. వేదిక మీది పెద్ద తెర నిండా నిత్యానందం చెట్టు పచ్చగా విచ్చుకుంది. పెద్దాయన దాని గొప్పదనం చెబుతున్నాడు. ఫసీయుద్దీన్ పరుగున వచ్చాడు.

“యల్లా సార్, మీ ఫ్యామిలీ మొత్తం స్టేజి మీదికి రావాలట.”

“ఫ్యామిలీయే గొడవలో ఉంది బాబూ,” అన్నాడు నిత్యానందం నీరసంగా. “ఈ అబ్బాయికీ మా అమ్మాయికీ పెళ్ళి మాటలు. ఆ చెట్టేమో…”

ఫసీయుద్దీన్ సగం విని వేదికెక్కి పెద్దాయన చెవిలో వేశాడు. పెద్దాయన మొహం వెలిగిపోయింది. మైకులో ఏదో అని, తెర మీద రాజ్ కిరణ్‌నూ రెజీనానూ వేలితో కలిపి చూపించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

“ఎందుకండీ చప్పట్లు?” అంది అమృతమ్మ.

“మీ ఇంట్ల పెళ్ళికే అమ్మా,” అన్నాడు తిరిగొచ్చిన ఫసీయుద్దీన్. “బాబాయి బిడ్డను చేసుకునుడంటే వీళ్ళల్ల శానా పాత మర్యాద. పిల్ల మీద మొదటి హక్కు పెదనాయన కొడుకుదేనట. ముబారక్ చెప్తున్నడు.”

అమృతమ్మ వెనక కుర్చీ ఉందో లేదో చూడకుండానే కూర్చుంది. అదృష్టం కొద్దీ కుర్చీ అక్కడే ఉంది. హాలు ఎంత గట్టిగా చప్పట్లు కొడితే ఆ పెళ్ళి అంత గట్టిగా చెడుతోంది. అందరూ తన కూతుర్ని దీవిస్తుంటే కూతురు కళ్ళు నిండుతున్నాయి. నిత్యానందానికి అది ఎక్కడో నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుంది. చెట్టు ఊగడం లేదు. తెర మీద అది ఉత్త బొమ్మ. ఆయన చాలా ఏళ్ళ తరవాత పూర్తిగా మేలుకున్నాడు.

వేదికెక్కి మైకు తీసుకుని తెలుగులోనే మొదలుపెట్టాడు. పక్కన ఫసీయుద్దీన్ అరబ్బీ చేశాడు.

“అయ్యా, మా నాన్నకి నేనొక్కణ్ణేనండీ. నాకు అన్నల్లేరు, అక్కల్లేరు. ఇందులో మా ఆకులు నాలుగో అయిదో. మిగతావాళ్ళు శుక్రవారం మా ఇంటికి అన్నానికొచ్చేవాళ్ళు. మాలో ఎవరు పరిచయమైనా ఏదో ఒక వరస పెట్టి పిలుస్తాం. పెట్టకపోతే మాకు మాట పెగలదు. చెట్టు మోడుగా ఉందని ఆ పిలుపులన్నీ నేనే ఆకులు చేసి అతికించాను. ఈ హనుమప్ప ఈ అబ్బాయి తండ్రి కాడు. ఈ అబ్బాయి మా వంశం కాదు, వాళ్ళమ్మగారిది ఏ తప్పూ లేదు. మావాళ్ళలో అన్నదమ్ముల పిల్లలకు పెళ్ళి చెయ్యరు. నా చేతి దురదకి మా అమ్మాయి పెళ్ళి చెడిపోతోంది. ఈ చెట్టు తీసెయ్యండి.”

ఇంతమంది ముందు నాకెవరూ లేరని చెప్పుకున్న మనిషిని అమృతమ్మ తేరిపార చూసింది. తరవాత లేచి, రెజీనా చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టింది.

“మావాడంటే నీకు ఇష్టమేనా?”

“ఇష్టమేనండీ.”

“పనులు చెప్పాలి. వాడంతట వాడు చెయ్యడు.”

“చెబుతానండీ.”

ఆవిడ చెంగు సర్దుకుని వేదిక దాకా నడిచింది. నిత్యానందం ముందు నిలబడి, మైకు ఉందన్న సంగతి పట్టించుకోకుండా, “అన్నయ్యా,” అంది.

అరబ్బీ హాలుకు ఏమీ అర్థం కాలేదు. బూత్ దగ్గర తెలుగువాళ్ళు మాత్రం ఒక్కసారి ఊపిరి వదిలారు. “ఇందాక వాడి నోట వచ్చిన వరసే పట్టుకుని కూర్చున్నాను,” అంది అమృతమ్మ. “పిల్లల వరస పెద్దల వరసను బట్టి నడవాలి గానీ, పెద్దలది పిల్లల వెనక నడవదు. నాకు మీరు అన్నయ్య. వాడికి మేనమామ. మేనమామ కూతురు మరదలు. పాలకొల్లులో ఎవడేవంటాడో నేను చూసుకుంటాను.”

ఫసీయుద్దీన్ చేతులు గాల్లో తిప్పుతూ చాలాసేపు అరబ్బీ చెప్పాడు. తెర మీద లేజరు దీపంతో రాజ్ కిరణ్‌ను హనుమప్ప కొమ్మ మీంచి ఎత్తి, లేని ఒక చెల్లెలి కొమ్మ మీద దింపాడు. పెద్దాయన ఓపిగ్గా విని, నవ్వి, ఒక్క మాటన్నాడు.

“మీది చెట్టు కాదట సార్, డేరా అట,” అన్నాడు ఫసీయుద్దీన్. “ఎక్కడ కావాలంటే అక్కడ ఊడబీకి పాతుకుంటరట. మా తాతలు గట్లనే బతికిండ్రు అంటున్నడు.”

ఈసారి చప్పట్లకు అమృతమ్మ కారణం అడగలేదు. కిందికి దిగేసరికి బూత్ ముందు మనుషులు బారులు తీరి ఉన్నారు. కేరళ నర్సు, ఈజిప్టు మాస్టారు, నేపాల్ గార్డు, అందరూ తమ రూముల్లో వాళ్ళ పేర్లు రాసిన కాగితాలు పట్టుకుని, రక్తంతో పనిలేని చెట్టు ఒకటి కావాలంటున్నారు. నిత్యానందం ఒక్కొక్కరినీ ఎవరిని ఏమని పిలుస్తారో అడుగుతూ, మళ్ళీ కళ్ళు అరమోడ్చాడు.

“పొద్దున లేని కొడుకు మధ్యాన్నం పుట్టె, సాయంత్రానికి మేనల్లుడాయె,” అన్నాడు హనుమప్ప బెలూన్లు విప్పుతూ. “పాలకు ఖర్చు లేదు, బడికి ఖర్చు లేదు.”

అసలు సంగతి హాల్లో అందరికీ, తెలుగులో, అరబ్బీలో, తరవాత గార్డుల కోసం హిందీలో కూడా వివరంగా చెప్పడం అయిపోయింది. అయితే చెట్టు తెర మీదికి రాగానే, తన పేరు అంత పెద్దగా కనబడిన ఆనందంలో, హనుమప్ప దాన్ని ఫోటో తీసి కదిరిలో తన ఇంటికి అప్పుడే పంపేశాడు. ఫోను మోగింది. భార్య. కొడుకు ఎట్లుండాడని అడిగింది.

వాళ్ళకున్నది ఇద్దరూ ఆడపిల్లలే.