నలభై మూడు సంతాపాలు

ఆ ఉదయం పెద్దక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కాలేజీ చేరాలి, ల్యాబులో ఒక్కసారి మెయిల్ మెర్జ్ చేసి చూసుకోవాలి, పదింటికి పరీక్షకు కూర్చోవాలి. ఒకే ఉత్తరాన్ని పదిమందికి, ఎవరి పేరుతో వారికి తయారుచేసే ఆ విద్య ఒక్కటే ఆమెకు కొరకరాని కొయ్యగా మిగిలింది. ఆఫీస్ టెక్నాలజీ కోర్సులో తోటివాళ్లంతా ఇరవై దాటనివాళ్లు. పెద్దక్క అని పేరు పెట్టింది వాళ్లే. ఆమె భర్త పోయి రెండేళ్లయింది. కాలేజీ ఆఫీసులోనే గుమాస్తా ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. పాసైతే అది ఆమెకేనని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. వేరే ఆశంటూ ఆమెకు లేదు.

"కంగారులో ఏదో ఒకటి నొక్కెయ్యకమ్మా," అంది కూతురు గుమ్మంలో.

"నీకంటే ముందు పుట్టానే, నాకు తెలీదూ?"

తీరా ల్యాబులో కూర్చున్నాక ఏం రాయాలో తోచలేదు. ఆమెకు కంఠతా వచ్చింది సంతాప లేఖే. ఆయన పోయినప్పుడు వచ్చినవాటిని అన్నిసార్లు చదివింది మరి. 'మీ ఆత్మీయుల హఠాన్మరణం మమ్మల్ని కలచివేసింది' అని కళ్లు తుడుచుకుంటూ కొట్టింది. పేర్ల కోసం వెతికితే కంప్యూటర్ మాస్టారు తయారుచేసి పెట్టిన సిబ్బంది జాబితా దొరికింది. ప్రింట్ నొక్కబోయి ఈమెయిల్ నొక్కింది. కాగితం రాకపోయేసరికి ప్రింటరు పాడైందనుకుని, ఉసూరుమంటూ మూల కుర్చీలో నోట్సు తిరగేస్తూ కూర్చుంది.

నలభై ముగ్గురికి నలభై మూడు సంతాపాలు కాలేజీ పేరుమీద చేరాయి. అత్తగారు ఆసుపత్రిలో ఉన్న లైబ్రేరియన్ ఏడుస్తూ స్కూటరెక్కాడు. మిగతావాళ్లు ఇళ్లకు ఫోన్లు చేసి, అంతా క్షేమమని తెలిశాక ప్రిన్సిపాల్ గదిలో చేరారు.

"మన ఇళ్లల్లో ఎవరూ పోలేదంటే, పోయింది మనలోనే," అన్నాడు ప్రిన్సిపాల్. "ఉత్తరం అందనిదెవరికి?"

అందనిది కంప్యూటర్ మాస్టారు ఒక్కరికే. జాబితాలో తన పేరు వేసుకోవడం ఆయన మరిచిపోయాడు. పైగా ఇంకా రాలేదు, ఫోనెత్తడం లేదు.

"నిన్న కూడా దవడ పట్టుకునే తిరిగాడండీ పాపం," అంది లెక్కల మేడం ముక్కు చీదుతూ.

పరీక్ష రద్దయింది. అందరినీ ఆవరణలో మౌనంగా నిలబెట్టారు. పెద్దక్క మాస్టారికీ, చేజారిన ఉద్యోగానికీ కలిపి ఏడ్చింది.

అప్పుడే పన్ను పీకించుకుని, చెంప బూరెలా ఉబ్బించుకుని మాస్టారు వచ్చాడు. అందరి తలలూ వంగి ఉండడం చూసి, చివరి వరుసలో చేరి తనూ వంచాడు. కాసేపాగి పక్కనున్న పెద్దక్కను గుసగుసగా అడిగాడు.

"ఎవరమ్మా పాపం?"

"మీరే మాస్టారూ," అంది ఆమె కళ్లు మూసుకునే. తెరిచాక కెవ్వుమంది.

కూపీ లాగితే అంతా ల్యాబులో బయటపడింది. పెద్దక్క నోట్సు సంచిలో సర్దుకోబోయింది. మాస్టారు మాత్రం ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే చూసి తల ఊపాడు.

"ఒక్క పేరు కూడా తప్పులేదండీ. ఇంక వేరే పరీక్ష దేనికి? నూటికి నూరు!"

"ఎంతసేపు పట్టిందమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఐదు నిమిషాలండీ."

"మా పాత గుమాస్తాకి రెండు రోజులు పట్టేది!"

ఈ రెండేళ్లలో పెద్దక్క మొదటిసారి నవ్వింది. ప్రిన్సిపాల్ నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. ఐదు నిమిషాల పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం దేనికని, సాయంత్రానికల్లా ఆ ఉద్యోగమే తీసేశాడు.

ఆ సంగతి ఆమెకు తెలియజేసే ఉత్తరం కొట్టడానికి ఆఫీసులో మనిషి లేకపోవడంతో, అదీ ఆమె చేతే కొట్టించారు.